పదిహేడు ఒకట్లు, సగం మీసం

నా మీసంలో సగం ఎలా పోయిందో చెప్పబోతున్నాను. క్షవరం చేసేవాడి చెయ్యి జారి పోలేదు, దీపావళి టపాసు అంటుకుని పోలేదు. ఒక సంఖ్య మూలంగా పోయింది. చూలై వీధిలో, పట్టపగలు, పిలిచిన వాళ్లూ పిలవని వాళ్లూ చూస్తుండగా పోయింది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. జాలి మాత్రం పడొద్దు. ఆ రోజు నేను తప్పానేగానీ తగ్గలేదు. ఈ రోజుకీ తగ్గేది లేదు.

చూలైలో మాది పెళ్లిపత్రికలు అచ్చువేసే అంగడి. మా పెద్దలు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఈ అరవ పట్నంలో దిగారు. వీధిలో అరవం, ఇంట్లో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడతాం. అంగడి నడిపేది మా నాయన, ఆయన తమ్ముడు మా చిన్నాయన. అంగడి పైన మేడమీద ఒకటే ఇల్లు, ఒకటే వంటిల్లు. ఇంటికి పెద్ద మా అవ్వ, నాయన తల్లి. పొయ్యికి పెద్ద మా చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య. మా అమ్మ పెట్టే చారు మీద నాకు గౌరవం ఉంది. చిన్నమ్మ పెట్టే చారు మీద ప్రేమ ఉంది. ఈ తేడా కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. గణితంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. చదువుతున్నాను అనడం కంటే ఆ చదువును నెత్తిమీద పెట్టుకుని వీధంతా తిరుగుతున్నాను అనడం సబబు. కూరగాయలబ్బి మూడు నిమ్మకాయలు ఇస్తే, మూడు ప్రధానసంఖ్య అని చెప్పి ఆయన మొహం చూసేవాణ్ణి. ప్రధానసంఖ్య అంటే ఏమీ లేదండీ, ఒకటీ, తానూ తప్ప మరేదీ నిశ్శేషంగా భాగించలేని సంఖ్య. ఏడు, పదకొండు, పదమూడు అలాంటివి. దాన్ని ఎన్ని సమాన ముక్కలు చేద్దామన్నా చెయ్యనివ్వదు. మొండిది. అందుకే నాకు అంత ఇష్టం.

ఆ రోజుల్లో ఇంట్లో పెద్ద రగడ నడుస్తోంది. చిన్నాయన ఫ్లెక్సు మెషిను తెద్దామంటాడు. పత్రికల గిరాకీ తగ్గుతోంది, జనం ఫోన్లోనే పిలిచేస్తున్నారు, బ్యానర్లు వేస్తే తప్ప నిలవలేమంటాడు. నాయన ఆ మెషిను వాసనకు పత్రికల పసుపు వాసన చచ్చిపోతుందంటాడు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా, నా ద్వారా మాట్లాడుకునేవాళ్లు. చివరికి ఒకరోజు చిన్నాయన, అయితే నా భాగం నాకు ఇచ్చేయమన్నాడు. అంగడి భాగమైతే ఇల్లు భాగం. ఇల్లు భాగమైతే పొయ్యి భాగం. నాకు ఆ మాట విన్న క్షణం నుంచి అన్నం దిగలేదు. చిన్నమ్మ పక్క వాటాలో చారు కాస్తుంటే, నేను ఈ పక్క గోడకు ముక్కు ఆనించి నిలబడాలా?

అవ్వ ఊరుకోలేదు. పురసవాక్కంలో ఒక అంకెల జోస్యుడు ఉంటే ఆయన్ని పిలిపించింది. అంగడి పాత బోర్డు ఎటూ తుప్పుపట్టింది, కొత్త బోర్డు మీద అంకెలు కూడితే తొమ్మిది వచ్చే సంఖ్య ఒకటి పెట్టండి, అన్నదమ్ములు విడిపోరు అని ఆయన చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. అంకెల మొత్తం తొమ్మిదైతే ఆ సంఖ్యను తొమ్మిది భాగిస్తుంది, ఇది ఐదో తరగతి పాఠం. విడిపోవద్దని కోరుకుంటూ తొమ్మిది ముక్కలయ్యే సంఖ్యను అంగడి నెత్తిన పెట్టుకుంటారా అని అడిగాను. ఆయన కాఫీ తాగి వెళ్లిపోయాడు.

అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "అట్టయితే నువ్వు చెప్పరా గిరీ. ఎవురూ పగలగొట్టలేని సంఖ్య ఉండాదా?" అంది.

ఉంది. మా ప్రొఫెసరు ఆ నెలలోనే క్లాసులో చెప్పాడు. వరసగా పంతొమ్మిది ఒకట్లు రాస్తే వచ్చే సంఖ్య ప్రధానసంఖ్య. 1111111111111111111. కోటి కోట్లకు ఇంకా ఎంతో పైన ఉంటుంది. దాన్ని ఒకటి తప్ప, అదే తప్ప, ఏ సంఖ్యా విరగ్గొట్టలేదు. ఈ మాట చెప్పి, పైగా చూడ్డానికి మన ఇంటి మనుషులంతా వరసగా నిలబడ్డట్టు ఉంటుందని కూడా చేర్చాను. అవ్వ కళ్లు మెరిశాయి. ఇద్దరు కొడుకులనూ పిలిచి తీర్పు చెప్పింది. బోర్డు మీద ఆ సంఖ్య ఉంటుంది. దాన్ని ఎవరూ భాగించనంతకాలం అంగడి భాగం మాట ఎత్తకూడదు.

చిన్నాయన ఆలోచించి, "సరి. కానీ ఎవురైనా భాగించినారంటే ఆ రోజే నా భాగం నాకియ్యాల. మాట మాటే," అన్నాడు. నాయన తల ఊపాడు. నేనైతే చిన్నమ్మ చారు యావజ్జీవం ఖాయమైందని లోపల్లోపల గంతులేశాను.

ఇత్తడి రేకులో జానెడు ఎత్తున్న సన్నపాటి ఒకట్లు పంతొమ్మిది కత్తిరించి తెచ్చారు. బోర్డు పైకెక్కింది. బిగించేవాడు ఎడమనుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ మేకు కొట్టుకుంటూ వచ్చాడు. పదిహేడు అయ్యేసరికి బోర్డు అయిపోయింది. దాని కుడిపక్క మాది కాదు, మూతబడ్డ టైలరు అంగడి. చేతిలో ఇంకా రెండు ఒకట్లు ఉన్నాయి. కాస్త ఇరికిస్తే ఇంకొక్కటి పడుతుంది, పద్దెనిమిది చేస్తానన్నాడు. మేడమీది నుంచి అవ్వ సరిసంఖ్య ఒద్దే ఒద్దని అరిచింది. ఇది మా ఇళ్లలో చట్టం. పెళ్లికి మోసే సారె తట్టలు సరిసంఖ్యలో ఉండవు, పత్రికలు ఐదువందలు అడిగినా మేము ఐదువందల ఒకటి వేసిస్తాం. సరిసంఖ్యైతే చెరిసగం చేసుకోవచ్చు కదా, అందుకు భయం.

అందరూ నావైపు చూశారు. బోర్డు దించి మళ్లీ రాయించాలా, ఇంకేదైనా చేయాలా అని. అప్పుడు నేను, గణిత పండితుణ్ణి, చేతులు కట్టుకుని, "పదిహేడు చాలు. పదిహేడు కూడా ప్రధానసంఖ్యే గదా, కాబట్టి పదిహేడు ఒకట్లూ ప్రధానమే," అన్నాను.

ఆ 'కాబట్టి'ని బాగా చూడండి. నా మీసం పోయింది అక్కడే.

మిగిలిన రెండు ఒకట్లనూ అవ్వ లోపలికి తీసుకుపోయింది. ఒకదాన్ని వంటింటి కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. రెండోదాంతో వీపు గోక్కునేది. ఇత్తడిది, అంచు మంచి పదునుగా ఉంది, హాయిగా ఉందనేది.

చిన్నాయనకు మాత్రం ఎక్కడో అనుమానం. నిజంగా భాగించలేరా, నిన్ను నమ్మొచ్చా అని రెండు మూడుసార్లు అడిగాడు. నమ్మకపోవడమా? నన్నా? నేను వీధిలోకి వచ్చి నిలబడి, దీన్ని భాగించిన మగాడుంటే ఇక్కడే, ఈ అంగడి ముందే సగం మీసం తీయించుకుంటానని శపథం చేశాను. అప్పుడు నా మీసం కూడా అంత గొప్పదేం కాదు. దూరం నుంచి చూస్తే మసి అంటుకుందనుకునేవాళ్లు. అయినా నాకున్న ఆస్తి అదొక్కటే.

శపథాన్ని నోటిమాటగా వదిలేసే ఇల్లు కాదండీ మాది, అచ్చాఫీసు. మర్నాటికి చిన్నాయన దాన్ని పత్రికగా వేసేశాడు. పైన వినాయకుడు, నాలుగు మూలలా పసుపు, నడుమ బంగారు అక్షరాల్లో ఇలా ఉంది: మా ఇంటి పెద్దబ్బాయి చిరంజీవి గిరి, పై బోర్డులోని సంఖ్యను ఎవరైనా భాగించిన శుభదినమున సగం మీసము తీయించుకొనుటకు పెద్దలు నిశ్చయించినారు గావున, తామెల్లరు బంధుమిత్ర సపరివారముగా విచ్చేసి ఆశీర్వదించ ప్రార్థన. కింద అరవంలో కూడా అదే. వచ్చిన ప్రతి గిరాకీకీ తాంబూలంతో పాటు ఒకటి చేతిలో పెట్టాడు. కొందరు మీసానికి కూడా నలుగు పెడతారా అని అడిగారు.

ఇక చూడండి, వీధి వీధంతా గణితంలో పడింది. పక్కనుండే కాఫీపొడి అంగడాయన తన కాలిక్యులేటరు తెచ్చి ఒకట్లు నొక్కడం మొదలుపెట్టాడు. పన్నెండు నొక్కేసరికి దాని మొహం నిండిపోయి ఇంకేం తీసుకోలేదు. మెషినే లొంగిపోయింది తంబీ అన్నాడు. నేను దాన్ని కూడా నా విజయాల్లో వేసుకున్నాను. మూడుతో చూశాను, పోలేదు. ఏడుతో, పదకొండుతో, పదమూడుతో చూశాను, పోలేదు. ఇంక చాల్లే అని ఆపేశాను. ఎందుకు చాలో నన్నడక్కండి. ఇరవై మూడేళ్లకు పదమూడు దాకా చూస్తే ప్రపంచమంతా చూసినట్టే ఉంటుంది.

నా పతనం పేరు హరిణి. చిన్నాయన కూతురు, నాకంటే నాలుగేళ్లు చిన్నది, ఇంజనీరింగు చదివేది. తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగించేది. ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నేను కింద అంగడిలో బల్ల మీద కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంటే, పాడైపోయిన పత్రిక ఒకటి వెనక్కి తిప్పి నా ముందు పెట్టింది.

"అన్నా, మూడు ప్రధానసంఖ్యేనా?"

"ఆమా. నీకు ఇప్పుడు తెలిసిందా?"

"మూడు ఒకట్లు రాయి."

రాశాను. నూట పదకొండు.

"ముప్పై ఏడు మూళ్లు ఎంత, చెప్పన్నా."

నేను దాని కిందే హెచ్చవేశాను. ముప్పై ఏడు మూళ్లు నూట పదకొండు. రెండో తరగతి పిల్లలకు తెలుసు, మా అవ్వకు తెలుసు, కాఫీపొడి అంగడాయన కాలిక్యులేటరుకు కూడా తెలుసు. ఒకట్ల లెక్క ప్రధానం కాకపోతే సంఖ్య ప్రధానం కాదన్నది నిజం. దాన్ని నేను తిరగేసి, లెక్క ప్రధానమైతే సంఖ్యా ప్రధానమేనని వేసుకున్నాను. చొక్కా తిరగేసి తొడుక్కుని పెళ్లికి పోయినవాడిలాగా ఇన్నాళ్లూ వీధిలో తిరిగాను.

తగ్గానా? లేదు. మూడు సంగతి వేరు, పదిహేడు సంగతి వేరు అన్నాను. హరిణి ఫోను నా ముందు పెట్టింది. అందులో రెండు సంఖ్యలున్నాయి. ఇరవై లక్షల డెబ్భై ఒక్కవేల ఏడువందల ఇరవై మూడు. రెండోది ఐదువందల ముప్పై ఆరు కోట్ల ముప్పై రెండు లక్షల ఇరవై రెండువేల మూడువందల యాభై ఏడు. ఈ రెంటినీ హెచ్చవేస్తే మన బోర్డు వస్తుందంది.

ఫోన్లను నమ్మకూడదని చెప్పి నేనే చేత్తో హెచ్చవేయడానికి కూర్చున్నాను. పత్రికల వెనక వైపులు నింపుకుంటూ పోయాను. ఈలోగా అందరూ దిగి వచ్చారు. నాయన వచ్చాడు, చిన్నాయన వచ్చాడు, అవ్వ వీపు గోక్కుంటూ వచ్చింది. చివర వరసలు కూడుతున్నాను. ఒకటి పడింది. పక్కన ఇంకో ఒకటి. ఒక్కచోటైనా రెండు రాకపోతుందా అని చూశాను. సున్నా అయినా సరేననుకున్నాను. ఒకటి, ఒకటి, ఒకటి. దరిద్రపు ఒకట్లు, ఒక్కటి కూడా నాకు సాయం రాలేదు. పదిహేడూ వచ్చి వరసగా కూర్చున్నాయి.

"ఎన్ని ముక్కలైందిరా?" అంది అవ్వ.

"రెండు."

"ఇంకా చిన్నవి చెయ్యొచ్చునా?"

"లేదవ్వా. ఆ రెండూ ప్రధానసంఖ్యలే. రెంటితోనే ఆగిపోయింది."

అవ్వ వీపు గోక్కోవడం ఆపి, "నాకు కొడుకులు గూడా ఇద్దరే," అంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం దేనికి? మీసం కోసం కాదు. హరిణి మొహం కూడా వాడిపోయింది. నీ మీద గెలవాలనే చూశానన్నా, దీని వెనక ఇంత ఉందని మరిచిపోయానంది. చిన్నాయన మంచివాడు. గెలిచినందుకు ఆయనకు సంతోషం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. నా భుజం మీద చెయ్యేసి, "మీసం ఒద్దులేరా. చిన్నపిల్లోడు ఏదో అన్నాడు, పోనీలే," అన్నాడు.

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే అన్నీ సర్దుకునేవి. ఒక మాట మాఫీ అయితే రెండో మాట కూడా దాని వెనకే మాఫీ అయిపోయేది, చిన్నాయన తోవ తీస్తున్నదే అందుకు. కానీ నన్ను చిన్నపిల్లోడంటాడా? మీసమున్నవాణ్ణి? నేను లేచి నిలబడి, "మాట మాటే చిన్నాయనా. నేను తీయించుకునే తీరతా," అన్నాను.

నాయన చాలా రోజుల తర్వాత తమ్ముడి వైపు నేరుగా చూసి, అయితే రెండు మాటలూ మాటే అన్నాడు. చిన్నాయనకు ఇంక వెనక్కి పోయే దారి లేదు. అంగడి భాగమైపోయింది. సంఖ్యను హరిణి విరిచింది గానీ, ఇంటిని విరిచింది నా నోరు. ఇదిగో, ఇది అసలు ఘనకార్యం. మీసం దీని ముందు దిగదుడుపు.

మీసం తంతు ఘనంగా జరిగింది. పత్రిక అందిన వాళ్లలో చాలామంది నిజంగానే వచ్చారు. కాఫీపొడి అంగడాయన అందరికీ కాఫీ పోశాడు. అంగడి ముందు కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. ఏ పక్క తీయాలని క్షవరం చేసేవాడు అడిగితే, అవ్వ కుడిపక్క చూపించింది. ఆ పక్కనే ఉన్న టైలరు అంగడిని చిన్నాయన అద్దెకు తీసుకుని మెషిను దించుతున్నాడు మరి. నేను తల ఎత్తుకునే కూర్చున్నాను. తర్వాత కూడా తల ఎత్తుకునే కాలేజీకి పోయాను. బస్సులో ఒకాయన ఎదురుగా కూర్చుని, మీకు రెండో పక్క మొలవదా సార్ అని పాపం నెమ్మదిగా అడిగాడు. భాగహారంలో పోయిందని చెప్పాను. ఆయన దిగిపోయాడు, అది ఆయన స్టాపు కూడా కాదు.

ఆ అంకెల జోస్యుడు కూడా వచ్చి, పదిహేడులో ఒకటీ ఏడూ కూడితే ఎనిమిది, ఎనిమిది శని, నన్నడిగి ఉంటే అప్పుడే చెప్పేవాణ్ణని అవ్వతో అన్నాడట. అది కేవలం యాదృచ్ఛికం. యాదృచ్ఛికమనే చచ్చేదాకా అంటాను.

చిన్నాయన కొత్త అంగడి తెరిచే రోజు వచ్చింది. అదే రోజు మేడమీద చిన్నమ్మ వేరు పొయ్యి వెలిగించాలి. టి. నగర్ నుంచి తెచ్చిన కొత్త పొయ్యి అట్టపెట్టెలో వరండాలో కూర్చుని ఉంది. చిన్నమ్మ పొద్దున్నుంచీ దానికి ఎదురుగా కూర్చుంది, విప్పదు. మా అమ్మ వంటింట్లో ఉంది, బయటికి రాదు. నేను కింద వీధిలో నిలబడి, సగం మీసంతో, ఏడవలేక పైకి చూశాను. మా బోర్డు మీద పదిహేడు ఒకట్లు. దాని కుడిపక్కన, అదే ఎత్తులో, చిన్నాయన కొత్త బోర్డు. దాని ఎడమ అంచున జానెడు వెడల్పు ఖాళీ.

నేను మేడమీదికి పరుగెత్తాను. కిటికీ దగ్గర ఒకటిని లాగేశాను, రెక్క టప్పున కొట్టుకుంది. రెండోది అవ్వ వీపు మీద ఉంది. ఇమ్మన్నాను. ఇప్పుడే దొరికిందిరా దురద, ఆగమంది. బతిమాలి తీసుకున్నాను. నిచ్చెన వేసి ఎక్కుతుంటే కింద నిచ్చెన ఊగింది. చూస్తే నాయన వచ్చి పట్టుకున్నాడు. చిన్నాయన బోర్డు మీద, మా పదిహేడో ఒకటి పక్కన, పద్దెనిమిదోది కొట్టాను, పంతొమ్మిదోది కొట్టాను.

చిన్నాయన బయటికొచ్చి ఇదేందిరా అన్నాడు. నేను నిచ్చెన మీది నుంచే హరిణిని ఫోను తియ్యమన్నాను. ఈ మూల నుంచి ఆ మూల దాకా, రెండు అంగళ్లూ కలిపి చదవమన్నాను. ఆ అమ్మాయి ఒక్కొక్కటీ లెక్కపెట్టి నొక్కింది. నేను నిచ్చెనను రెండు చేతులా పట్టుకున్నాను, ఆ నెలలో నేను గణితాన్ని నమ్మి బాగుపడిందేమీ లేదు మరి. హరిణి తల ఎత్తి, "ఇరగలేదన్నా. ఉడయలే," అని రెండు భాషల్లోనూ చెప్పింది.

అవ్వ మేడమీద కమ్మీ పట్టుకుని వంగింది. వీధంతా వినేట్టు అంది: "భాగిస్తే భాగం, భాగించకపోతే లేదు. అదేగదా ఇద్దరూ ఇచ్చిన మాట? మెషిను ఆడ ఉండనీ, పత్రికలు ఈడ ఉండనీ. పొయ్యి మాత్రం ఒకటే. ఎవురికైనా అభ్యంతరముంటే నిచ్చెనెక్కి ఆ రెండూ పీకేయండి, చూస్తా."

నిచ్చెన నాయన చేతిలోనే ఉంది. చిన్నాయన దాన్ని చూశాడు, అన్నను చూశాడు, నా సగం మీసాన్ని చూశాడు. లోపలికి పోయి ఫ్లెక్సు మెషిను ఆన్ చేశాడు. మొట్టమొదటి బ్యానరు మా నాయన పత్రికల అంగడిది. ఆ మధ్యాహ్నం చారు చిన్నమ్మే పెట్టింది. గిన్నెడు తాగాను, సగం మీసం తడిసింది. ఆ కొత్త పొయ్యి ఇప్పటికీ అటకమీద అట్టపెట్టెలోనే ఉంది, విప్పితే ఊరుకోనని అవ్వ ఆర్డరు.

మిగతా సగం మీసాన్ని మర్నాడు నేనే తీసేశాను. మళ్లీ పెంచలేదు.

ఇప్పుడు నేను కాలేజీలో లెక్కలు చెబుతాను. అందరి ముందూ ప్రతిజ్ఞ చేస్తున్నాను, రాసుకోండి. పదమూడు దాకా దేనితోనూ పోనిది ఇంక పోనే పోదని ఇకపై అనను. 'కాబట్టి' అనే మాటను నిరూపణ లేకుండా నోట పెట్టుకోను. మీసం మీద ఒట్టు పెట్టుకోను, పెట్టుకుందామన్నా లేదు. పంతొమ్మిది ఒకట్లు మాత్రం రెండు అంగళ్ల మీదా అలాగే ఉన్నాయి, నెలకోసారి పాలిష్ పెడుతున్నాను. భాగించగలిగినవాడు ఉంటే చూలైకి రమ్మనండి, నేను సిద్ధం. ఈసారి పందెం కాసింది మా చిన్నాయన మీసం. పత్రికలు కూడా అచ్చయిపోయాయి, ఆయనకే ఇంకా ఇవ్వలేదు.